అట్లతద్ది నుంచి ఆషాఢం దాకా

(అమలాపురంలో ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, డ్వాక్రా సభ్యుల సమావేశంలో ఒక రిటైర్డ్ హెడ్ నర్సు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలోవాళ్ళకి వినపడుతోందా? గోడవారన నిలబడ్డవాళ్ళున్నారు, కాస్త సర్దుకుని చోటివ్వండమ్మా.

ముందు ఈ మూడు దూది మూటలు తీసుకోండి, వరసకొకటి. పాత జాకెట్టు గుడ్డలో దూది కూరి నేనే కుట్టాను. లోపల బఠాణీ గింజలున్నాయి. వేళ్ళతో నొక్కి ఎన్నున్నాయో చూసుకుని పక్కవాళ్ళకివ్వండి. పైకి చెప్పకండి. చివర్లో అడుగుతాను.

నన్ను రొమ్ము క్యాన్సర్ మీద అవగాహన కలిగించమన్నారు. రాగానే చీరకి గులాబీ రిబ్బను కూడా గుచ్చారు. సంతోషం. కానీ ముప్పై ఏళ్ళు సర్జికల్ వార్డులో పనిచేశాక నాకొకటి అర్థమైంది. అవగాహన తక్కువైంది మంచం మీద పడుకున్న మనిషికే కాదు. గడ్డ పుండైపోయాక వచ్చిన ప్రతి ఆడమనిషినీ మేమొకటే అడిగేవాళ్ళం: "ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా?" డాక్టరుగారు అడిగేవారు, నేనడిగేదాన్ని, ఆఖరికి ఆయమ్మ కూడా అడిగేది. ఒకావిడ మాత్రం తిరిగి నన్నే అడిగింది: "మీరు అడిగేది ఏ నాళ్ళ గురించి సిస్టర్ గారూ? నేను రాకముందా, వచ్చాకా?"

ఆ రోజు సాయంత్రమే ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. ప్రతి మనిషికీ అయిదు తారీఖులు రాసేదాన్ని. గడ్డ చేతికి తగిలిన రోజు. ఇంట్లో ఎవరికైనా చెప్పిన రోజు. మా ఆస్పత్రి గడప తొక్కిన రోజు. బయాప్సీ, అంటే గడ్డలోంచి ముక్క తీసి చేసే పరీక్ష, రిపోర్టు వచ్చిన రోజు. మొదటి వైద్యం మొదలైన రోజు. అంతే.

రాయడం తేలికనుకున్నాను, కాదు. మనవాళ్ళు తారీఖులు చెప్పరు కదా. "దాళ్వా కోతలప్పుడండి", "జగ్గన్నతోట తీర్థం మర్నాడండి", "గోదారి లంకలోకి వచ్చినప్పుడండి" అంటారు. క్యాలెండరు ముందేసుకుని నేను లెక్క కట్టుకునేదాన్ని. తారీఖు పొరపాటు పడొచ్చు గానీ పండగ పొరపాటు పడదు, ఆ మాట నిజం.

నన్ను అలా అడిగినావిడ లెక్క చెబుతాను. రాజోలు దగ్గర లంక ఊరు. వయసు నలభై మూడు. నరసాపురం లేసు అల్లేది, ఏజెంటు దారం ఇచ్చి వెళితే ఇంట్లో కూర్చుని అల్లి ఇవ్వడం. అట్లతద్ది నాడు తెల్లారుజామున తలంటుకుంటుంటే ఎడమ రొమ్ములో తగిలిందిట. "దారంలో ముడి పడితే తెలుస్తుంది చూడండి, అలా తెలిసిందండి" అంది. లేసు అల్లే వేళ్ళు కదా. డాక్టర్ల చేతికి కూడా అంత చిన్నది దొరకదేమో.

మరి చెప్పలేదేం? కూతురికి సంబంధం కుదిరింది. మాఘంలో పెళ్ళి. తల్లికి క్యాన్సరంటే పిల్లకీ వస్తుందని అవతలివాళ్ళు వెనక్కిపోతారని భయం. ఈ భయాన్ని కొట్టిపారేయకండి, మన ఊళ్ళలో సంబంధాలు ఎందుకెందుకు తప్పిపోతాయో మీకు తెలుసు. అసలు సంగతేమిటంటే, రొమ్ము క్యాన్సర్లలో వంశం నుంచి జీన్ల ద్వారా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. ఈ ముక్క ఆవిడకి చెప్పినవాళ్ళు లేరు. ఇంకొకటి, నొప్పి లేదు. "నొప్పెడితే చెప్పేదాన్నే కదండీ" అంది. మనం నొప్పినే జబ్బనుకుంటాం. ఈ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. జ్వరం రాదు, ఆకలి చావదు, పని ఆగదు. అందుకే అంత మోసం.

కనుమ రాత్రి తోడికోడలికి చెప్పింది. అట్లతద్ది నుంచి కనుమకి 88 రోజులు. ఇవి ఆవిడ రోజులు, ఒప్పుకుంటాను.

తోడికోడలు ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన పాలగడ్డ అన్నాడు. చిన్న పిల్లాడికి పదిహేడేళ్ళు! మూడు వారాలు మాత్రలు. తరవాత ఎవరో కట్టు వైద్యం ఉందన్నారు. పసరు పోసి కట్టిన కట్టు కింద చర్మం చిట్లింది. ఈలోగా పెళ్ళయింది. ఉగాది వెళ్ళిన మర్నాడు మా దగ్గరికొచ్చింది. ఇది 75 రోజులు. ఆర్‌ఎంపీని తిట్టడం తేలికే. కానీ రాత్రి పదింటికి తలుపు తీసేది ఆయనొక్కడే, అప్పు పెట్టేదీ ఆయనే. ఆయనకి ఒక్క ముక్క నేర్పితే చాలు: పాలిచ్చే బిడ్డ లేని ఆడమనిషి రొమ్ములో గడ్డ ఉంటే, మాత్ర ఇవ్వకుండా పెద్దాస్పత్రికి పంపు.

ఇక ఆవిడ మా గడప తొక్కాక. డాక్టరుగారు చూశారు, సూది పరీక్ష రాశారు. ముక్క తీయడానికి వారం తరవాత రమ్మన్నారు. రిపోర్టుకి మూడు వారాలు. వచ్చిన రిపోర్టులో ముక్క చాలలేదు, మళ్ళీ తీయండి అని ఉంది. మళ్ళీ తీశారు. హార్మోను పరీక్షలకి ఆ ముక్కని బయటికి పంపారు. ఈలోగా స్కానింగు మిషను రిపేరు. అది బాగయ్యాక ఆరోగ్యశ్రీ కార్డు దగ్గర ఆగింది. రేషన్ కార్డులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. అది సరిచేయించుకోవడానికి ఊళ్ళో మూడుసార్లు తిరిగింది. ఆషాఢంలో మొదటి కీమో ఎక్కించాం. అప్పటికి గడ్డ ఎంత పెరిగిందంటే ముందు ఆపరేషన్ చేయడానికి వీల్లేదు, కీమోతో కుదించి చెయ్యాలి.

ఆ రోజులు లెక్కేశాను. 109.

ఆవిడవి 88, ఆర్‌ఎంపీవి, కట్టువాడివి కలిపి 75, మావి 109. మొత్తం 272లో పెద్ద వాటా మాది. మేమే ఆవిడని అడిగాం, ఇన్నాళ్ళూ ఏం చేశావని! ఆ 109 రోజుల్లో ఆవిడ పదకొండుసార్లు ఆస్పత్రికొచ్చింది. ప్రతిసారీ రేవు దాటాలి, ఆటో ఎక్కాలి, బస్సెక్కాలి. ప్రతిసారీ తోడు ఒక మనిషి, ఆ మనిషి కూలి పోవాలి. పదకొండుసార్లూ వచ్చింది. అశ్రద్ధ మనిషంటే ఒప్పుకుంటారా?

ఆవిడ ఏమైందని అడుగుతారు. మూడేళ్ళు ఉంది. కూతురి పురిటికి దగ్గరుంది.

అదే పుస్తకంలో ఇంకో పేజీ. రాజమండ్రిలో బ్యాంకులో పనిచేసే ఆవిడ, మా ఉద్యోగుల్లో ఒకరి మరదలు. గడ్డ తగిలింది బుధవారం. శనివారం సూది పరీక్ష. పంతొమ్మిదో రోజుకి ఆపరేషన్ అయిపోయింది. ఆవిడకి తెలివెక్కువనా? కాదు. ఫోను చేస్తే ఎత్తే మనిషి ఆస్పత్రిలో ఉన్నారు. అంతే తేడా. ఎత్తింది నేనే.

ఈ మాట మన జిల్లాకే కాదు. 2022 ప్రపంచ లెక్కల్లో మన దేశంలో ఏడాదికి కొత్తగా 1,92,000 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తే, దానితో పోయినవాళ్ళు 98,000 మంది. ఇద్దరికొస్తే ఒకరు. అమెరికాలో కొత్తగా వచ్చింది 2,70,000 మందికి పైన, పోయింది 43,000 మంది దాకా. ఆరుగురికొస్తే ఒకరు. వచ్చినవాళ్ళూ పోయినవాళ్ళూ అదే ఏడాది మనుషులని కాదనుకోండి, కానీ తేడా ఎంతుందో తెలుస్తుంది. మందులు వాళ్ళవీ మనవీ దాదాపు ఒకటే. మనవాళ్ళు సగానికి పైగా జబ్బు ముదిరాక, మూడో స్టేజిలోనో నాలుగో స్టేజిలోనో ఆస్పత్రికి చేరుతున్నారు, అక్కడుంది.

ఆ అమెరికాలోనే చూడండి. నల్లజాతి ఆడవాళ్ళకి తెల్లవాళ్ళకంటే ఈ జబ్బు కాస్త తక్కువగానే వస్తుంది. చనిపోవడం మాత్రం నూటికి 40 వంతులు ఎక్కువ. న్యూయార్కులో హార్లెమ్ అనే పేదల పేట ఉంది. అక్కడి ఆస్పత్రిలో సర్జన్ డాక్టర్ హెరాల్డ్ ఫ్రీమన్. ఆయన 1964 నుంచి 1986 దాకా వచ్చినవాళ్ళ లెక్క తీస్తే సగం మంది మూడు, నాలుగు స్టేజీలవాళ్ళే. అయిదేళ్ళు బతికింది నూటికి 39 మంది. ఆయన రెండు పనులు చేశాడు. ఉచితంగానో తక్కువ ఖర్చుతోనో పరీక్షలు పెట్టించాడు. 1990లో, గడ్డ బయటపడ్డ ప్రతి మనిషికీ దారి చూపే మనిషిని ఒకరిని పెట్టాడు. రిపోర్టు వచ్చిందా, డబ్బు కాగితం ఎక్కడ ఆగింది, పిల్లల్ని ఎవరు చూస్తారు, ఇవన్నీ చూసే మనిషి. డాక్టరు కాదు. 1995 నుంచి 2000 మధ్య వచ్చినవాళ్ళలో అయిదేళ్ళు బతికినవాళ్ళు నూటికి 70 మంది. ఆ మధ్యలో మందులూ మెరుగయ్యాయి, మొత్తం ఈ పని గొప్పే అనను. కానీ నాకు ఈ కథలో నచ్చిందేమిటంటే, ఆ దారి చూపే మనిషికి అక్కడ జీతమిచ్చారు. (నవ్వులు) నవ్వుతున్నారు, మీకు తెలుసు నేనెందుకంటున్నానో. ఇక్కడ ఆ పని కూడా ఆశా నెత్తిమీదే పెడతారని భయం. పెడితే, దానికి డబ్బు కూడా పెట్టాలి. ఈ మాట వేదిక మీదున్న పెద్దలకి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా లెక్క రోజుల్లోనే పెట్టింది. గడ్డతో మనిషి ఆస్పత్రికొచ్చిన రోజు నుంచి 60 రోజుల్లో జబ్బేమిటో తేలిపోవాలి. నూటికి 60 మంది మొదటి రెండు స్టేజీల్లోనే బయటపడాలి. 80 మంది వైద్యం మధ్యలో మానకుండా పూర్తి చేయాలి. మా లేసు ఆవిడ మా దగ్గరికొచ్చాకే 60 ఎప్పుడు దాటిందో మేం గమనించను కూడా లేదు.

సరే, మీ చేతుల సంగతి. మామోగ్రాం అంటే రొమ్ముకి తీసే ఎక్స్‌రే, ఆ మిషను ప్రతి ఊళ్ళో పెట్టలేం. పైగా మన ఆడవాళ్ళకి ఈ జబ్బు పడమటి దేశాలకంటే ఓ పదేళ్ళు ముందే, నలభైల్లోనే ఎక్కువగా వస్తోంది. ఆ వయసులో రొమ్ము గట్టిగా ఉంటుంది, ఫిల్ములో గడ్డ సరిగా కనపడదు. మరి ఏం చేస్తాం? ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రివాళ్ళు 1998లో మురికివాడల్లో ఒక పరిశోధన మొదలుపెట్టారు. 35 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళు, లక్షన్నర మంది. సగం పేటల్లో రెండేళ్ళకోసారి మీలాంటి ఆరోగ్య కార్యకర్తలు చేత్తో తడిమి చూశారు. ఇరవై ఏళ్ళ ఫలితం 2021లో అచ్చువేశారు. చేత్తో చూసిన పేటల్లో గడ్డలు ముందు స్టేజిలో దొరికాయి. యాభై దాటినవాళ్ళలో చావులు నూటికి దాదాపు 30 తగ్గాయి. యాభై లోపువాళ్ళలో చావులు తగ్గలేదు, అదీ చెప్పాలి. అయినా మిషను లేదు, డాక్టరు లేరు, వట్టి వేళ్ళు!

మన ప్రభుత్వ నిబంధన ప్రకారం ముప్పై దాటిన ప్రతి ఆడమనిషికీ అయిదేళ్ళకోసారి ఈ పరీక్ష చెయ్యాలి. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ముప్పై నుంచి నలభై తొమ్మిది ఏళ్ళవాళ్ళలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ఒక్కరు కూడా లేరు. 0.9. ఈమధ్య ఇంటింటికీ స్క్రీనింగు అంటూ తిరుగుతున్నారు కదా, మంచిదే. కానీ నేను ఒక ఊళ్ళో చూశాను. వసారాలో మామగారు కూర్చుని ఉన్నారు, పాలవాడు నిలబడి ఉన్నాడు, అక్కడ ట్యాబు పట్టుకుని "రొమ్ములో గడ్డ ఏమైనా ఉందామ్మా?" అని అడిగారు. ఆవిడ లేదంది. లేదు అని నొక్కేశారు. స్క్రీనింగ్ అయిపోయింది! అది పరీక్ష కాదమ్మా, జనాభా లెక్క. మీమీద ఎంత ఒత్తిడుందో తెలుసు, సాయంత్రానికి ఇన్ని ఎక్కించాలని ఫోన్లొస్తాయి. అయినా పదిమందిని అడిగే టైములో ఇద్దరిని లోపలి గదిలో తలుపేసి చూడండి.

ఎలా చూడాలి? వేళ్ళ కొసలతో కాదు, మధ్య మూడు వేళ్ళ మెత్తటి భాగంతో. గుండ్రంగా తిప్పుతూ, ఒక్కోచోట మూడుసార్లు. మొదట పైపైన, తరవాత కాస్త నొక్కి, ఆ తరవాత పక్కటెముక తగిలేదాకా. మెడ కింద ఎముక దగ్గర మొదలుపెట్టి చంక దాకా. చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడిందా, చనుమొన లోపలికి లాక్కుందా, రక్తం కారుతోందా చూడాలి. దొరికిన గడ్డలన్నీ క్యాన్సర్లు కావు, చాలా మటుకు కావు కూడా. కానీ కాదని చెప్పాల్సింది పరీక్ష, మనం కాదు. సూది పొడిస్తే పాకుతుందంటారు, కత్తి పడితే పాకుతుందంటారు. పాకదు. కూర్చోబెడితేనే పాకుతుంది.

వైద్యంలో దూరం సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మనవాళ్ళు రేడియేషన్‌ని కరెంటు పెట్టడం అంటారు. ఒకప్పుడు ఆపరేషన్ అయ్యాక కరెంటు అంటే 25 సిట్టింగులు, అయిదు వారాలు. అంతర్వేది నుంచి విశాఖ అగనంపూడిలో హోమీ భాభా ఆస్పత్రికి రెండొందల కిలోమీటర్ల పైమాటే. మనకి రైలు కూడా లేదు, కోటిపల్లి నుంచి నరసాపురం లైను మా చిన్నప్పటి నుంచీ వస్తూనే ఉంది. (నవ్వులు) అయిదు వారాలు అక్కడ గది తీసుకుని ఉండలేక చాలామంది కరెంటు వద్దు, రొమ్ము మొత్తం తీసేయండి అనేవాళ్ళు. కొందరు సగంలో వచ్చేసేవాళ్ళు. ఇంగ్లండులో పెద్ద పరిశోధనలు చేసి 15 సిట్టింగులు చాలని తేల్చారు. 2020లో ఇంకో పరిశోధన, తగిన మనుషులకి ఒక్క వారంలో 5 సిట్టింగులు పెట్టినా అంతే ఫలితమని చూపించింది. అందరికీ కుదరదు, జబ్బును బట్టి ఉంటుంది. కానీ అడగొచ్చు. "నాకు తక్కువ రోజుల కరెంటు కుదురుతుందా డాక్టరుగారూ?" అని అడగడం మీ ఊరి మనిషికి నేర్పండి. అయిదు వారాల కూలికీ, ఒక వారం కూలికీ ఎంత తేడా ఉందో వాళ్ళకి మనం చెప్పక్కర్లేదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు. ఇది నిజంగా పనికొచ్చింది. తోడు భర్త వస్తే టిక్కెట్టుంది, అక్కచెల్లెళ్ళొస్తే లేదు. కాబట్టి ఆడతోడే పంపండి. కార్డు సంగతి కూడా, ఆరోగ్యశ్రీ అనండి, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, పేరేదైనా ఆపరేషన్, కీమో, కరెంటు అందులో ఉన్నాయి. ఇంటిపేరు తేడాలు ముందే చూడండి. గడ్డ దొరికిన రోజునే ఆధార్, రేషన్ కార్డు పక్కపక్కన పెట్టి చదవండి. పెళ్ళయిన ప్రతి ఆడమనిషికీ రెండు ఇంటిపేర్లుంటాయి, ఆ తప్పు ఆవిడది కాదు.

కీమోకి జుట్టు ఊడుతుంది. ఒకమ్మాయి ఊళ్ళో వాడపల్లి వెంకన్నకి తలనీలాలిచ్చానని చెప్పుకుంది. అబద్ధమే, కానీ ఎంత చక్కటి అబద్ధం! ఆ తరవాత నిజంగానే వెళ్ళి మొక్కు తీర్చుకుందిట.

చివరి మాట టామాక్సిఫెన్ గురించి. కొందరికి హార్మోను పాజిటివ్, అంటే ఆడ హార్మోన్లతో పెరిగే రకం అని రిపోర్టు వస్తుంది, వాళ్ళు రోజుకో మాత్ర అయిదేళ్ళు వేసుకోవాలి, కొందరు పదేళ్ళు. చవకైన మాత్ర. కానీ మంచం మీంచి లేచాక, పనిలో పడ్డాక, స్ట్రిప్ అయిపోయాక మళ్ళీ తెచ్చుకోరు. "బానే ఉన్నాను కదండీ" అంటారు. బీపీ మాత్ర ఇంటికి తీసుకెళుతున్నప్పుడు ఈ మాత్ర ఉందా లేదా ఒక్కసారి అడగండి.

నా నోట్‌బుక్ జిరాక్స్ పేజీలు బల్ల మీదున్నాయి, అయిదు గడులు. ఒక్కొక్కరూ పది తీసుకోండి. చీటీ రాసి మనిషిని పెద్దాస్పత్రికి పంపాక మూడో రోజు ఫోను చేసి, వెళ్ళిందా, ఏమన్నారు, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు అని అడిగి గడిలో రాయండి. నేను ఇప్పటికీ అదే చేస్తున్నాను, రిటైరయ్యాక కూడా. మా ఆయన విసుక్కుంటారు.

మూటలు తిరిగొచ్చాయా? సరే. ఒక గింజ దొరికినవాళ్ళు? అందరూ. రెండు? చాలామంది ఉన్నారు. మూడు? ... ఇద్దరు. వెనక ఆ నీలం చీరావిడ, మీరేం పని చేస్తారమ్మా? రొయ్యల షెడ్డులోనా? తల తీసే పనా? అందుకే. ఒక్కో మూటలో మూడున్నాయండీ. మూడోది చిన్నది, చంక వైపు కుట్టులో ఉంది. దొరకనివాళ్ళు భోజనాలయ్యాక ఇక్కడే ఉండండి, నీలం చీరావిడ నేర్పుతారు.